ఏ హార్మోను, ఎందుకని?

(డాక్టర్ వులిమిరి రామలింగస్వామి స్మారకోపన్యాసం, అనకాపల్లి)



ఈ సాయంత్రం మనం తలుచుకుంటున్నది ఉత్తరాంధ్ర మనిషిని. వులిమిరి రామలింగస్వామి గారు 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి. పూర్తిచేసి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి డాక్టరేట్ తెచ్చుకున్నారు. 1969 నుంచి పదేళ్ళు ఢిల్లీ ఎయిమ్స్‌కి డైరెక్టరు, ఆ తర్వాత 1986 దాకా భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్. పద్మవిభూషణ్ వచ్చింది, లండన్ రాయల్ సొసైటీ ఫెలోషిప్ వచ్చింది. 2001 మే 28న కన్నుమూశారు. పదవుల చిట్టా చదవడానికి నన్ను పిలవలేదు కనుక దాన్ని ఇక్కడ కట్టేస్తాను. నేను చాలా ఏళ్ళు స్త్రీల వార్డుల్లో తిరిగినదాన్ని. ఆయన పెథాలజిస్టు. అయినా నా దగ్గరికొచ్చిన ఆడవాళ్ళ నీరసాన్ని అర్థం చేసుకోవడానికి, ఉప్పు మీద ఆయన చేసిన ప్రయోగం నాకు గైనకాలజీ పుస్తకంతో సమానంగా ఉపయోగపడింది. అదెలాగో చెప్పడమే ఈ ఉపన్యాసం.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం హార్మోన్ల అసమతుల్యత వల్ల వచ్చే నీరసం, నెలసరి తేడాలు. ఈ మధ్య ఓపీకి వచ్చే చాలామంది జబ్బు పేరు తామే తెచ్చుకుంటున్నారు. "హార్మోన్ల తేడా అన్నారండీ, మందు రాయండి" అంటారు. మన ఒంట్లో యాభైకి పైగా హార్మోన్లున్నాయి. వాటిలో ఏది తగ్గింది, ఏది పెరిగింది, ఎందుకు తగ్గింది అని తేలనంతవరకు డాక్టరు చెప్పిందేమీ లేదు, పేషెంటు తెలుసుకున్నదీ లేదు. ఆ తేల్చే ఓపిక వైద్యుడికి ఉండాలి. రామలింగస్వామి గారి దగ్గర నేర్చుకోవలసింది అదే ఓపిక.

హిమాలయాల పాదాల దగ్గర కాంగ్రా లోయ ఉంది. ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది, అప్పట్లో పంజాబ్‌లో ఉండేది. 1950లలో అక్కడ పదిమందిలో దాదాపు నలుగురికి గొంతు ముందు వాపు. ఆ వాపును గాయిటర్ అంటాం. వాపుతో పోతే సరే, కొన్ని ఊళ్ళలో పుట్టు చెవుడుతో, ఎదగని తెలివితో పిల్లలు పుట్టేవారు. దీనికి కారణం మీద వాదాలు చాలా ఉండేవి. అంతకు యాభై ఏళ్ళ ముందు రాబర్ట్ మెకారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు గిల్గిత్‌లో పనిచేస్తూ, నీళ్ళలో మలినమే కారణమనుకుని ఆ మడ్డిని తానే తాగి చూశాడు, మరికొందరి చేత తాగించాడు. అదే మెకారిసన్ తర్వాత కూనూరులో పోషకాహార పరిశోధనశాల పెట్టాడు. రామలింగస్వామి గారు పరిశోధన మొదలుపెట్టింది ఆ కూనూరులోనే. ఆ పరిశోధనశాలే తర్వాత హైదరాబాద్ వచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. అంటే గురుపీఠం మురికినీళ్ళు అన్నచోట కూర్చుని, ఆయన అయోడిన్ వైపు చూశారు.

అయోడిన్ సంగతి లోకానికి కొత్తది కాదు. స్విట్జర్లాండ్‌లో 1922లో, అమెరికాలోని మిచిగన్‌లో 1924లో ఉప్పులో అయోడిన్ కలపడం మొదలైంది. అక్కడ పనిచేసింది కదా అని ఇక్కడా కలిపేయండి అని ఒక నివేదిక రాసి పంపితే సరిపోయేది. ఆయన అలా చేయలేదు. మన ఉప్పు వేరు, మన తేమ వేరు, మన గోతాలు వేరు. 1956లో ఆయనా, ఆయన సహచరులూ లక్షకు పైగా జనం ఉన్న ప్రాంతాన్ని మూడు మండలాలుగా విడగొట్టారు. ఒకదానికి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పు, ఇంకోదానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు సరఫరా చేయించారు. ఆరేళ్ళు ఆగారు. 1962కి అయోడిన్ ఉప్పు తిన్న రెండుచోట్లా గాయిటర్ సగానికి పడిపోయింది. మామూలు ఉప్పు తిన్నచోట ఎక్కడిదక్కడే ఉంది. తర్వాత ఆ మూడో మండలానికీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు, అక్కడా తగ్గింది. మూడో మండలం వాళ్ళని ఆరేళ్ళు అలా ఉంచడానికి ఈనాటి నైతిక సంఘాలు ఒప్పుకునేవా అంటే అనుమానమే. ఆ ప్రశ్న వేయాల్సిందే. కానీ ఆ పోలిక లేకపోతే నీళ్ళనీ, వంశాన్నీ, దేవుణ్ణీ తప్పుపడుతూ మనం ఇంకో ముప్ఫై ఏళ్ళు గడిపేవాళ్ళం.

అదే 1962లో ప్రభుత్వం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. దేశంలో తినే ఉప్పంతా అయోడిన్ ఉప్పే కావాలన్న నిర్ణయం రావడానికి 1984 దాకా పట్టింది. అయోడిన్ లేని ఉప్పు అమ్మకం మీద నిషేధం ఒకసారి పెట్టారు, 2000లో ఎత్తేశారు, మళ్ళీ 2006 మే 17 నుంచి అమల్లోకి తెచ్చారు. వంటింటికి చేరేసరికి పది లక్షల పాళ్ళకు కనీసం 15 పాళ్ళు అయోడిన్ ఉండాలన్నది మన ప్రమాణం. మనం వాడేది అయొడేట్. ఎండకూ తేమకూ అది అయొడైడ్ కన్నా బాగా తట్టుకుంటుంది.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. పూడిమడక నుంచి పాయకరావుపేట దాకా సముద్రాన్ని ఆనుకుని ఉన్నవాళ్ళం, మనకి అయోడిన్ కొరతేమిటి అని. సముద్రపు చేపలో అయోడిన్ ఉంటుంది. సముద్రపు నీటిని ఎండగట్టి తీసిన ఉప్పులో మాత్రం దాదాపు ఉండదు. రామలింగస్వామి గారి సొంత జిల్లాలో నౌపడా ఉప్పు మళ్ళున్నాయి. ఆ కల్లుప్పు తెల్లగా, అందంగా ఉంటుంది, ఆవకాయకి దాన్ని మించింది లేదు, అయోడిన్ కలపకపోతే గొంతుకి మాత్రం పనికిరాదు. మన పైనున్న పాడేరు, అరకు కొండల్లో వానలు నేలలోని అయోడిన్‌ను కడిగేశాయి. అక్కడి గిరిజన గూడేల్లో గాయిటర్ వాపుల్ని నా తరం డాక్టర్లు కళ్ళారా చూశారు. ఇప్పుడు పట్నాల్లో ఇంకో వింత. ఆరోగ్యం కోసమని ఎక్కువ డబ్బు పెట్టి హిమాలయ గులాబీ ఉప్పు కొంటున్నారు. అయోడిన్ కలపని ఉప్పది. ఏ హిమాలయాల పేరు చెప్పి అమ్ముతున్నారో, ఆ హిమాలయాల పాదాల దగ్గరే గాయిటర్ లక్షలమందిని పట్టి పీడించింది.

ఇక గొంతు సంగతికి వద్దాం. థైరాయిడ్ గ్రంథి బరువు పదిహేను, ఇరవై గ్రాములు. రోజుకు దానికి కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250. జీవితాంతం తిన్నదంతా పోగేసినా ఒక చెంచాకు మించదు. దాంతో ఆ గ్రంథి తయారుచేసే హార్మోను ఒంట్లో ప్రతి కణం ఎంత వేగంగా పనిచేయాలో చెబుతుంది. అనకాపల్లిలో ఉన్నవాళ్ళకి దీన్ని వివరించడం సులువు. బెల్లం వండేచోట పెనం కింద మంట సన్నగిల్లితే రసం బాగానే ఉంటుంది, పెనం బాగానే ఉంటుంది, పాకం మాత్రం ఎంతసేపటికీ రాదు. థైరాయిడ్ తగ్గిన మనిషి పరిస్థితి అదే. గుండె నెమ్మదిస్తుంది, పేగు నెమ్మదిస్తుంది, చలి ఎక్కువనిపిస్తుంది, చర్మం పొడిబారుతుంది, జుట్టు ఊడుతుంది, మాట బొంగురుపోతుంది, తిండి పెరగకపోయినా ఒళ్ళు వస్తుంది.

మా ఓపీలో ఇవేవీ ఈ వరసలో రావు. "ఓపిక నేదమ్మా. ఏ పనీ సేతకావట్నేదు" అని మొదలవుతుంది. నెలసరి గురించి మనమే అడగాలి, పక్కన మొగుడో కొడుకో ఉంటే బయటికి పంపి అడగాలి. అప్పుడు చెబుతారు. రెండు మూడు నెలలు రాదు, వచ్చిందంటే పదిరోజులైనా ఆగదు, గడ్డలు గడ్డలుగా పోతుంది అని. ఈ రెండు బాధల్నీ వాళ్ళు రెండు జబ్బులనుకుంటారు. నీరసానికి ఆరెంపీ దగ్గర బలం సూది, సెలైన్ సీసా. నెలసరికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర, లేదా నువ్వులూ బెల్లం, బొప్పాయి. రెంటినీ కలిపి ఒక్క కారణం ఉండొచ్చన్న ఊహ చాలా ఆలస్యంగా వస్తుంది, కొన్నిసార్లు డాక్టరుకి కూడా.

కారణం ఇలా పనిచేస్తుంది. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోను పంపి థైరాయిడ్ చేత పని చేయిస్తుంది. థైరాయిడ్ మొరాయించేకొద్దీ టీఎస్‌హెచ్ పెరుగుతుంది. అందుకే రిపోర్టులో అంకె పెద్దదైతే గ్రంథి పని తగ్గినట్టు. ఇది తెలియక, టీఎస్‌హెచ్ 12 అని వచ్చిన ఆవిడ "నాకు థైరాయిడ్ ఎక్కువుంది" అని ఊరంతా చెప్పుకుంటుంది. ఎక్కువున్నవాళ్ళు వేరే. వాళ్ళకి గుండెదడ, చేతుల వణుకు, ఒళ్ళు తగ్గిపోవడం, నెలసరి పల్చబడటం ఉంటాయి. తగ్గినవాళ్ళలో మెదడు పైనుంచి ఇంకా గట్టిగా ఆజ్ఞలు పంపుతుంది, ఆ ఆజ్ఞ టీఎస్‌హెచ్‌తోపాటు పాల హార్మోను ప్రొలాక్టిన్‌ను కూడా లేపుతుంది. బాలింతలకు నెలసరి ఆలస్యం చేసేది ఆ ప్రొలాక్టినే. అది పెరిగితే అండం విడుదల తప్పుతుంది. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టెరాన్ తయారుకాదు. ప్రొజెస్టెరాన్ లేకపోతే గర్భసంచి లోపలి పొర వేళకు రాలకుండా మందంగా పెరుగుతూ పోతుంది. చివరికి అది తన బరువుకు తానే ఊడిపోతుంది, అప్పుడు పది రోజులు ఆగదు. ఆవిడ చెప్పిన కథ అక్షరాలా ఇదే.

కథ అక్కడితో ఆగదు. అంత రక్తం పోతే అందులో ఇనుము పోతుంది. ఇనుము తగ్గితే నీరసం. పైగా థైరాయిడ్ తన హార్మోను తయారు చేసుకోవడానికి వాడే ఎంజైముకు ఇనుము కావాలి, కనుక రక్తం తగ్గినకొద్దీ థైరాయిడ్ ఇంకా చతికిలపడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతానికి రక్తహీనత. నూటికి 59 మందికి ఉన్న జబ్బు ఎదురుగా కనిపిస్తుంటే, దాని వెనకాల నిలబడ్డ రెండోదాన్ని వెతకాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? హిమోగ్లోబిన్ 8 అని చూస్తారు, ఐరన్ మాత్ర ఇస్తారు. ఆ ఇవ్వడం తప్పు కాదు. రక్తం ఎందుకు పోతోందో అడగకపోవడం తప్పు. బెల్లం తినమని చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఈ ఊళ్ళో బెల్లాన్ని కించపరిచి బతికి బయటపడలేను గానీ, ఎనిమిదిలో ఉన్న హిమోగ్లోబిన్‌ను పన్నెండుకు తేవడం బెల్లం ముక్క వల్ల కాదు.

ఇక థైరాయిడ్ మందు సంగతి. 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జార్జ్ మర్రీ అనే కుర్ర డాక్టరు దగ్గరికి 46 ఏళ్ళ స్త్రీ వచ్చింది. ఒళ్ళంతా ఉబ్బి, మాట మందగించి, నెలసరి ఆగిపోయి, పూర్తిగా కుంగిపోయి ఉంది. ఆయన గొర్రె థైరాయిడ్ రసం తీసి సూదిమందుగా ఇచ్చాడు. తోటివాళ్ళు నవ్వారు. ఆవిడ తేరుకుంది, ఇంకో 28 ఏళ్ళు బతికి 1919లో పోయింది. అన్నేళ్ళలో ఆవిడ కోసం వాడింది 870కి పైగా గొర్రెల గ్రంథులు. మనం ఇప్పుడు రోజుకు రెండు మూడు రూపాయల చిన్న మాత్ర వేసుకోవడానికి బద్ధకిస్తున్నాం.

మాత్ర గురించి కొంచెం నిలబడి చెప్పాలి, ఎందుకంటే మందు రాసిన తర్వాత పాడయ్యేదే ఎక్కువ. దాన్ని పరగడుపున నీళ్ళతో వేసుకోవాలి, టీ కాఫీలకు కనీసం అరగంట ముందు. ఐరన్ మాత్రకీ కాల్షియం మాత్రకీ దీనికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. లేకపోతే పేగులోనే ఒకదాన్నొకటి పట్టుకుని రెండూ వృథా అవుతాయి. రక్తం తక్కువా థైరాయిడ్ తక్కువా ఉన్న ఆవిడకు ఈ మూడు మాత్రలూ ఒకే కవర్లో వేసి ఇస్తాం. ఆవిడ మూడూ కలిపి ఒక్క గుక్కలో మింగి పనిలోకి పోతుంది. ఆర్నెల్లయినా టీఎస్‌హెచ్ దిగదు. డోసు పెంచుతాం. కవర్ మీద "ఉదయం", "రాత్రి" అని పెద్ద అక్షరాలతో రాసిస్తే ఈ బాధ ఉండదు. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ పరీక్షలో తేడా తెలియదు, పదిహేను రోజులకే చేయించి కంగారు పడకూడదు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతున్నవాళ్ళు పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపాలి, అది కొన్ని యంత్రాల లెక్కను తప్పుదారి పట్టిస్తుంది.

ఇంతకన్నా పెద్ద బాధ పెళ్ళి. అమ్మాయికి థైరాయిడ్ మాత్ర ఉందని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని తల్లి దాస్తుంది. పెళ్ళయ్యాక అత్తారింట్లో ఎవరైనా చూస్తారని అమ్మాయి మానేస్తుంది. ఆ తర్వాత రెండు నెలలకు గర్భం. మొదటి మూడు నెలలూ కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచేయదు, తల్లిదే ఆధారం, బిడ్డ మెదడు తయారయ్యేది ఆ రోజుల్లోనే. అందుకే గర్భం రాగానే డోసు నాలుగోవంతో, అంతకన్నా ఎక్కువో పెంచాల్సి వస్తుంది. సరిగ్గా అప్పుడే మనమ్మాయి మాత్ర మానేసి ఉంటుంది. కాంగ్రాలో ఉప్పులో అయోడిన్ లేక జరిగింది, ఇక్కడ ఇంట్లో సిగ్గు వల్ల జరుగుతుంది.

ఇన్ని ఉప్పు ప్యాకెట్లు తిన్నాక కూడా థైరాయిడ్ ఎందుకు తగ్గుతోందని అడుగుతారు. అయోడిన్ కొరత ఒక కారణం మాత్రమే. ఇప్పుడు పట్నాల్లో ముఖ్య కారణం ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత థైరాయిడ్ మీదికే దాడికి పోవడం. జపాన్‌లో హకారు హషిమోటో అనే సర్జన్ 1912లో దీన్ని వర్ణించాడు. ఆయన చూసిన నలుగురు రోగులూ స్త్రీలే. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకు ఇది చాలా రెట్లు ఎక్కువ. కాన్పు తర్వాత కొన్ని నెలలకు కూడా కొందరిలో బయటపడుతుంది, దాన్ని బాలింత నీరసమని కొట్టిపారేస్తారు. హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో 5,376 మంది పెద్దవాళ్ళను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 11 శాతానికి థైరాయిడ్ తగ్గి ఉంది. వాళ్ళలో మూడోవంతుకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

నన్ను చాలాకాలంగా కలవరపెడుతున్న విషయానికి ఇప్పుడు వస్తాను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి గర్భసంచి ఆపరేషన్ల గురించి అడిగారు. దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 3.2 శాతానికి గర్భసంచి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో అదే ఎక్కువ. పక్కన తెలంగాణలో 7.7 శాతం. తీయించుకున్నవాళ్ళు చెప్పిన కారణాల్లో ముందున్నది ఎక్కువ రక్తస్రావం. మన రాష్ట్రపు ఆడవాళ్ళ గర్భసంచులు మిగతా దేశపు వాళ్ళకన్నా మూడు రెట్లు చెడ్డవా? కావు. ముప్ఫై అయిదేళ్ళు దాటి పిల్లలు చాలనుకున్నాక రక్తం ఎక్కువ పోతే, "ఆ సంచి ఇంకెందుకు, తీయించెయ్యి" అనడం మన ఊళ్ళలో ఇంటి పెద్దల మాటగా, ఆశా కార్యకర్త మాటగా, కొన్నిచోట్ల డాక్టరు మాటగా స్థిరపడిపోయింది. తీయకపోతే క్యాన్సర్ వస్తుందని భయపెట్టేవాళ్ళున్నారు. తీసేశాక నెలసరి బాధ ఉండదు, నిజమే. పొలం పనికి పోయేవాళ్ళకు అదో సుఖం, ఆ సుఖాన్ని ఏసీ గదిలో కూర్చుని తప్పుబట్టే అర్హత నాకు లేదు. కానీ ఆపరేషన్ ముందు ఎంతమందికి టీఎస్‌హెచ్ చూశారు? రక్తస్రావానికి కారణం థైరాయిడ్ అయితే, సంచి తీసినా నీరసం పోదు, ఒళ్ళు పెరగడం ఆగదు, ఆ గ్రంథి గొంతులో అలాగే మూలుగుతూ ఉంటుంది. దానికితోడు అండాశయాలు కూడా తీసేస్తే నలభై రాకుండానే ముట్లుడిగిన ఒళ్ళు, బలహీనమైన ఎముకలు. ఆ ఆడవాళ్ళందరికీ థైరాయిడే కారణమని నేను అనడం లేదు. ఫైబ్రాయిడ్లుంటాయి, నిజమైన క్యాన్సరుంటుంది, సంచి తీయక తప్పని రోగులుంటారు. ఎవరికి తప్పదో తేల్చిన కాగితం ఏదీ అని అడుగుతున్నాను.

ఇటు ఇంకో అతి కూడా ఉంది. ప్రతి నీరసాన్నీ థైరాయిడ్ అనడం, టీఎస్‌హెచ్ 5 రాగానే జీవితాంతం మాత్ర అనడం. చాలామందిలో నెల రెండు నెలలు ఆగి మళ్ళీ చేస్తే అది మామూలుకి దిగుతుంది. నెలసరి తప్పి వచ్చిన ఆడమనిషికి మొట్టమొదట చేయాల్సింది గర్భ పరీక్ష, అది మరిచిపోయి హార్మోన్లన్నీ కొలిచిన రిపోర్టులు నేను చూశాను. అలాగే పీసీఓఎస్. 1935లో షికాగోలో స్టీన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు స్త్రీలలో దీన్ని వర్ణించారు. ఇందులో మగ హార్మోను కాస్త ఎక్కువై, ఇన్సులిన్ సరిగా పనిచేయక, అండం పక్వం కాకుండా ఆగిపోతుంది. స్కానింగులో ముత్యాల్లా కనిపించేవి అలా ఆగిపోయిన అండపు గూళ్ళు. మన దగ్గర వాటిని నీటి బుడగలంటారు, పిల్లని భయపెడతారు, బుడగలు కోసేస్తారా అని తల్లి అడుగుతుంది. కోసేదేం లేదు. పెద్దమనిషైన ఏడాది రెండేళ్ళు నెలసరి అటూ ఇటూ కావడం సహజం. పెద్దమనిషైన ఎనిమిదేళ్ళలోపు అమ్మాయిలకు స్కానింగ్ చూసి పీసీఓఎస్ అని తేల్చవద్దని 2018 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. ఆ పేరు పెట్టేముందు థైరాయిడ్, ప్రొలాక్టిన్ చూడాలి.

కొత్త అమావాస్యకు మన ఊరి అమ్మవారు నూకాలమ్మ జాతర మొదలవుతుంది. ఆ నెలంతా, తర్వాత పెళ్ళిళ్ళ రోజుల్లో, మన మందుల షాపుల్లో నెలసరి డేటు వెనక్కి జరిపే మాత్రలు చీటీ లేకుండా పోతుంటాయి. ఒకసారి వేసుకుంటే కొంప మునగదు. ఏడాదిలో నాలుగైదుసార్లు వేసుకుని, ఆ తర్వాత నెలసరి గాడి తప్పిందని వస్తే, అక్కడ జబ్బేమీ లేదు, మనం చేసుకున్నదే.

మరి కొందరి నీరసానికి ల్యాబు అక్కర్లేదు. అచ్యుతాపురం వైపు బట్టల కంపెనీలకు పోయే బస్సులు తెల్లవారకముందే మన వీధుల్లోకి వస్తాయి. ఆ బస్సెక్కాలంటే మూడున్నరకు లేవాలి, వంట చేసి క్యారేజీ కట్టాలి. రాత్రి పదకొండు దాకా పని ఉంటుంది. పొద్దున తినకుండా పోయే అమ్మాయికి ఏ గ్రంథీ పాడవకుండానే నెలసరి ఆగిపోవచ్చు. తిండీ నిద్రా చాలనప్పుడు, ఇప్పుడు బిడ్డని మోసే పరిస్థితి లేదని మెదడే అండాశయాల్ని ఆపుతుంది. ఆవిడకు మాత్ర రాసి పంపితే వైద్యం చేసినట్టా?

ఈ ప్రశ్న రామలింగస్వామి గారూ తన పద్ధతిలో వేశారు. 1996లో, డెబ్భై అయిదేళ్ళ వయసులో, ఇద్దరు సహచరులతో కలిసి యునిసెఫ్ నివేదికకు ఒక వ్యాసం రాశారు, పేరు ఆసియా చిక్కుముడి. ఆఫ్రికా కన్నా పేదరికం మరీ ఎక్కువేమీ కాని దక్షిణాసియాలో పిల్లలు అంతకన్నా బక్కగా ఎందుకున్నారని అడిగారు. తిండి గింజల లెక్కలూ, ఆదాయం లెక్కలూ దానికి జవాబివ్వలేదు. ఆయన చూపించిన కారణాల్లో అన్నిటికన్నా బరువైనది మన ఇళ్ళలో ఆడమనిషికున్న స్థానం. ఆవిడ చివర తింటుంది, గర్భంలో బరువు పెరగదు, తక్కువ బరువు బిడ్డను కంటుంది, ఆ బిడ్డ ఆడపిల్లయితే మళ్ళీ అదే కథ. సూక్ష్మదర్శిని కింద గ్రంథుల్ని చూస్తూ వృత్తి మొదలుపెట్టిన మనిషి వంటింట్లో విస్తరి దాకా వచ్చారు. దారి తప్పి కాదు, కారణం వెంట నడిచి వచ్చారు. ఆ వ్యాసాన్ని మన వైద్య విద్యార్థులకు పాఠంగా పెట్టాలి.

ఈ హాల్లో మన ఎన్టీఆర్ ఆసుపత్రి డాక్టర్లున్నారు, ప్రైవేటు వాళ్ళున్నారు, ఏఎన్నెంలున్నారు. ఒక్కటే అడుగుతాను. నీరసం, నెలసరి తేడా రెండూ కలిసి వచ్చిన మనిషికి హిమోగ్లోబిన్‌తోపాటు టీఎస్‌హెచ్ చూడండి. గర్భసంచి తీయాలని రాసేముందు ఆ రెండూ, స్కానింగూ, వయసునిబట్టి లోపలి పొర ముక్క తీసిన బయాప్సీ రిపోర్టూ ఫైల్లో ఉన్నాయా చూడండి. మందులతో, గర్భసంచిలో అమర్చే హార్మోను లూప్‌తో ఆగే రక్తస్రావం చాలా ఉంది, దాన్ని ముందు వాడి చూశారా అడగండి. ఏఎన్నెం అమ్మలూ, మీరు ఇంటికెళ్ళినప్పుడు ఉప్పు డబ్బా మూత ఉందో లేదో చూడండి, పొయ్యి పక్కన తెరిచిపెట్టిన ఉప్పులో అయోడిన్ తగ్గిపోతుంది.

ఇక ప్రశ్నలు అడగండి. థైరాయిడ్ ఉంటే క్యాబేజీ తినొచ్చా అని అడగబోయేవాళ్ళకు ముందే చెబుతున్నాను, ఉడికించుకుని తినండి.